ఎర్ర తువ్వాలు

తొంభైల్లో ఒకనాడు హిందూపురంలో ప్యాసింజరు రైలెక్కాను. పెనుకొండలో దిగి ముఖం కడుక్కుని, తలకు చుట్టిన ఎర్ర తువ్వాలు సంచిలో పెట్టి నా చోటికి తిరిగొచ్చాను. చనిపోయిన తన నాయన గురించి అంతదాకా నాతో మాట్లాడిన ధర్మవరం నేతగత్తె నన్ను అడ్డుకుంది.

"ఈడ ఎర్ర తువ్వాలన్న ఉండాడు, కూర్చోవద్దప్పా."

"ఆ అన్నను నేనేమ్మా."

గొంతు విని నవ్వింది. "పుట్టినప్పట్నుంచి నాకు మొహాలు గుర్తుండవన్నా. అన్నీ ఒకే తీరు."

అప్పటికి చదువు రాని నాకు అక్షరాలూ అంతే. అందుకే ఎగతాళి చేయలేదు గానీ, మొరటుగా అడిగాను.

"కండ్లు మూసుకుంటే పోయిన మీ నాయనైనా కనబడడా?"

"మొహం రాదు. మగ్గం మీద చేతులొస్తాయి. అవే మా నాయన."

చిన్నప్పుడే పోయిన మా అమ్మ ముఖం గుర్తులేదని నన్ను నేను తిట్టుకుంటూ బతికినవాణ్ణి. ధర్మవరం వచ్చేలోపు కళ్లు మూసుకున్నాను. సంకటి గెలికే రెండు చేతులు కనబడ్డాయి. ఎడమ చేతి మీద కాలిన మచ్చ కూడా ఉంది.