తాత బోర్డు కోసం బీదర్‌కు

బీదర్ వెళ్ళేవాళ్ళు కోట చూడడానికి వెళ్తారు. నేను మా అక్కను ఓడించడానికి వెళ్ళాను. సువార్త మా పెద్దమ్మ కూతురు. మా తాత టేకు చెక్కతో చేసిన చదరంగం బోర్డు ఒకటుంది. ఏటా క్రిస్మస్ మరునాడు మేమిద్దరం దాని మీద ఆడతాం. గెలిచినవాళ్ళ ఇంట్లో అది మళ్ళీ క్రిస్మస్ దాకా ఉంటుంది. చాలా ఏళ్ళుగా అది అక్క ఇల్లు కదలలేదు.

ఉదయం ఎనిమిదికి మా ఊరు హళ్ళిఖేడ్‌లో బస్సెక్కాను. సీటు కావాలంటే ఇంకాస్త ముందే రావాలి. గాంధీ గంజ్ మార్కెట్‌కు కందుల మూట తీసుకుపోతున్న రైతు పక్కన ఇరుక్కున్నాను.

"ఖాళీ సంచి పట్కొని ఎటు పోతున్నవ్ అన్నా?" అన్నాడు.

"నింపుకొని రానీకి," అన్నాను.

బీదర్ బస్టాండు బయట చాయ్ తాగి, ఆటోలో అక్క ఇంటికి చేరేసరికి పది. చర్చి వాళ్ళు అప్పటికే బోర్డు చుట్టూ కూర్చున్నారు. ముట్టుకున్న పావును జరపాల్సిందే, అది తాత పెట్టిన రూలు. అక్క కాసేపు కళ్ళు మూసుకోనిదే దేన్నీ ముట్టదు.

"ప్రార్థన చేసుకొని ఆడుతది మా సువార్తమ్మ," అని పక్కింటావిడ మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ప్రార్థన నేనూ చేస్తాను, నన్నెవరూ మెచ్చుకోరు.

ఈసారి తొందరపడకూడదని గట్టిగా అనుకొనే వచ్చాను. ఆట ముదిరాక, నా వంతు వచ్చినప్పుడు, అక్క ఇచ్చిన చాయ్ మీద మీగడ కట్టేదాకా ఆలోచించాను. ఆ మూసిన కళ్ళ వెనక ఏం జరుగుతోంది? తాత ఈమెకొక్కదానికే ఏదైనా చెప్పిపోయాడా? చివరికి గుర్రాన్ని ముట్టుకున్నాను, జరిపాను. అక్క కళ్ళు మూసి, తెరిచి, వజీరును జరిపింది. నా ఆట కట్టు.

"గుర్రం ఎందుకు ముట్టినవ్ తమ్మీ? ఏనుగును కిందిదాక దించితే నా రాజు చిక్కుతుండె. నాకు గుండె దడదడ కొట్టుకుంది. గింతసేపు ఏం ఆలోచన చేసినవ్?"

ఆమె గురించే అని ఎలా చెప్పను? "నువ్వు ఏమని ప్రార్థన చేస్తవ్ అక్కా?" అన్నాను.

"ప్రార్థన ఏంది? నీ కుర్సీల కూసున్నట్టు అనుకుంట. నేను గిది జరిపితే తమ్మికి ఏం దొరుకుతదని చూస్త. తాత మనిద్దరికి గదే చెప్పిండు గద!"

నిజమే, చెప్పాడు. అప్పుడు కూడా నేను తాత ఆమెను ఎంత దగ్గర కూర్చోబెట్టుకున్నాడో చూస్తూ ఉన్నాను.

మటన్ కూరతో భోజనం పెట్టి, కందిపప్పు, జామకాయలు నా సంచిలో కుక్కింది అక్క. నాలుగింటి బస్సులో మళ్ళీ ఆ రైతే తగిలాడు.

"నిండింది గద అన్నా సంచి!"

"మా అక్క నింపింది."

"గసుంటి అక్క ఉంటే ఇంకేం గావాలె!"

బోర్డు కావాలి అనుకున్నాను. బీదర్ మంచి ఊరు. తిండికి కొదవ లేదు, బస్సులు బాగానే దొరుకుతాయి. మా అక్క కాస్త చెడ్డదై ఉంటే తిరుగు ప్రయాణం ఇంకా సుఖంగా ఉండేది.