వదిన మాట చిలక నోట

మా వదినకి మనుషులంటే భయం లేదు. ఇంటింటికీ వెళ్ళి మంచాన పడ్డవాళ్ళని చూసుకునే నర్సు ఆవిడ. ఎంత మొండి రోగి చేతనైనా మందు మింగిస్తుంది. ఆవిడ తంటా అంతా ఆ ఇళ్ళల్లోని జంతువులతోనే. ఒకింట్లో కుక్క ఆవిడ గ్లవ్స్ నమిలేసింది. ఇంకోచోట పిల్లి బీపీ మిషను మీద పడుకుని, లేపబోతే గీరింది. "వీటికి సేవలు చెయ్యడానికా నేను నర్సు చదివింది?" అని ఇంటికొచ్చి నా మీద ఎగిరేది. అక్కడికి వాటన్నిటినీ నేనే పెంచి పంపినట్టు!

ఈసారి దొరికింది చిలక. పక్షవాతం వచ్చిన ఒక రిటైర్డు బస్సు కండక్టరుగారి ఇల్లది. ముప్పై ఏళ్ళు బస్సంతా వినబడేలా అరిచిన మనిషికి మూడు నెలలుగా మాట లేదు. ప్రయత్నిస్తే వస్తుందని డాక్టరు అన్నాడు. ఆయనకే ఆశ చచ్చిపోయింది. "ఒక్క మాట అనిపించమ్మా, చాలు," అని వాళ్ళావిడ రోజూ వదిన చేతులు పట్టుకునేది. వదిన "అమ్మ అనండి, ఆవు అనండి" అని బతిమాలేది. ఆయన గోడవైపు తిరిగిపోయేవాడు. పంజరంలోది మాత్రం చెవులప్పగించి వినేది.

వదినకో ఊతపదం ఉంది. సూది గుచ్చేటప్పుడు, పుండు తుడిచేటప్పుడు "అయిపోయింది, అయిపోయింది" అని మెత్తగా అంటుంది. నిజానికి అప్పటికింకా ఏదీ అయిపోదు. ఇన్ని పాఠాల్లోనూ ఆ చిలకకి పట్టుబడింది సరిగ్గా ఆ ముక్కే. అదీ అచ్చం వదిన గొంతుతో.

ఒకరోజు పొద్దున్న కండక్టరుగారి చెల్లెలు పక్క ఊరినించి ఫోను చేసింది. వాళ్ళావిడ స్పీకరు నొక్కి, ఫోను పంజరం పక్కన పడేసి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తింది.

"హలో, అన్నయ్యకెలా ఉంది?" అని అడిగింది చెల్లెలు.

"అయిపోయింది, అయిపోయింది," అంది చిలక, ఎంతో జాలిగా.

వాళ్ళావిడ తిరిగొచ్చేసరికి ఫోను కట్టయిపోయి ఉంది. అవసరమైతే మళ్ళీ చేస్తుందిలే అనుకుంది.

గంట తర్వాత వదిన ఆయన పక్కమీద దుప్పటి మారుస్తుంటే గేటు దగ్గర ఏడుపు వినబడింది. చెల్లెలు చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చి, అన్నగారి మొహం కూడా చూడకుండా ఆయన గుండెల మీద పడిపోయింది.

"పోయావా అన్నయ్యా! ఒక్క మాటైనా చెప్పకుండా పోయావా!"

"అయ్యో, లేవండమ్మా! ఆయన నిక్షేపంలా ఉన్నారు!" అని వదిన ఆవిడ జబ్బ పట్టి లాగింది. వింటేగా! మనిషి కూడా భారీ మనిషే. కింద కండక్టరుగారి మొహం కందగడ్డ అయింది. పెదాలు వణికాయి.

"పో... పో..."

వదిన లాగడం మానేసింది.

"పో... లేదు!"

చెల్లెలు ఏడుపు సగంలో మింగేసింది. మా వదినకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి దుప్పటిలో మొహం దాచుకుందట. అరుపులకి వంటింట్లోంచి వచ్చిన వాళ్ళావిడ పిండి చేతులతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమన్నారు? ఇంకోసారి అనండి."

ఆయన గోడవైపు తిరగలేదు. ఆవిడ మొహంలోకే చూస్తూ, కూడబలుక్కుని మళ్ళీ అన్నాడు.

"పోలేదు."