ఎస్తేరు వదిన వేసిన తాళం

నేను నర్సును. కర్నూలులో శవాల గదిని ఆనుకుని ఉన్న వార్డులో చాలాకాలం డ్యూటీ చేశాను. పోయినవాళ్ళు తిరిగి వస్తారని ఎవరైనా అంటే, అలా వచ్చేవాళ్ళయితే ముందు నాకే కనపడాలి కదా అని నవ్వేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. నా చేతులే చేసిన పని, నాకే అర్థం కానిది ఒకటుంది. అది జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది ఓర్వకల్లు దగ్గర పల్లె. ఊళ్ళో రాతి చర్చి ఉంది. పక్క కొండ నుంచి ఆ రాళ్ళను తలమీద మోసింది మా అవ్వలే. కూలికి పోయివచ్చి, పొద్దు వాలాక మోసేవాళ్ళట. మా పేటలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. ఎక్కడా రాసి మాత్రం లేదు.

మా అన్న భార్య ఎస్తేరు వదిన ఆ మాట మట్టిలో కలిసిపోకూడదనుకుంది. చిన్నప్పుడు తల్లుల వెంట రాళ్ళు మోసిన ముసలమ్మల దగ్గరికి ఇంటింటికీ పోయి, వాళ్ళు చెప్పింది ఫోనులో రికార్డు చేసింది. తెచ్చి చర్చి గదిలోని కంప్యూటర్లో దాచి, చోటు చాలక ఫోనులోంచి తీసేసింది.

ఆ కంప్యూటర్ అందరిదీ. పాస్టరుగారి ప్రసంగాలు, యువకుల పాటలు, పెళ్ళి వీడియోలు అన్నీ అందులోనే. ఒకసారి ఎవరో పెళ్ళి వీడియోకి చోటు చాల్లేదని ఒక అవ్వ రికార్డింగు తుడిచేశారు. ఆ అవ్వ అప్పటికే చనిపోయింది. వదిన ఆ రోజు అన్నం తినలేదట. మిగిలినవాటికి పాస్‌వర్డ్ పెట్టి, "ఇంగ ఎవురు తుడిపేస్తారో సూస్తా" అందట. పాస్‌వర్డ్ అన్నకు కూడా చెప్పలేదు.

తర్వాత కొంతకాలానికి వదిన పొయ్యి దగ్గరే కుప్పకూలింది. మెదడులో నరం చిట్లింది. మా ఆస్పత్రికే తెచ్చారు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట కూడా మాట్లాడకుండా పోయింది.

చర్చికి జూబిలీ వచ్చింది. కట్టినవాళ్ళ పేర్లతో గుమ్మం పక్కన శిలాఫలకం వేయాలని పట్నం నుంచి కమిటీ వచ్చింది. వాళ్ళ దగ్గరున్నవి స్థలమిచ్చిన ఆయన పేరు, అప్పటి మిషనరీ దొరగారి పేరు. మా అవ్వల పేర్లు కూడా వేయమన్నాం. కమిటీ పెద్దాయన మర్యాదగానే, "ఆధారం చూపించండమ్మా, తప్పకుండా వేద్దాం" అన్నాడు. వదినకు కథ చెప్పినవాళ్ళలో అప్పటికి బతికున్నది సంతోషమ్మవ్వ ఒక్కతే. ఆమెకు మతిమరుపు.

కంప్యూటర్‌ను కర్నూలులో రిపేరు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకుపోయాను. పాస్‌వర్డ్ లేకుండా ఆ ఫైళ్ళు తెరవడం కుదరదని, కావాలంటే అంతా తుడిచి కొత్తగా ఇస్తామని చెప్పారు. తిరిగి తెచ్చేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక గదిలో కూర్చున్నాను. తోడు మార్తక్క ఉంది. గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. అన్న పేరు, పిల్లల పేర్లు, బైబిలు వాక్యాల అంకెలు, తోచినవన్నీ కొట్టాను. నాకు టైపింగ్ రాదు. ఒక్క వేలితో అక్షరం వెతుక్కుని నొక్కుతాను. ప్రతిసారీ తప్పనే వచ్చింది.

మార్తక్క విసుగొచ్చి, "ఇంగ యాడ దొరుకుతాదే. పోయి ఎస్తేరునే అడగాల" అంది.

నేను కళ్ళు మూసుకుని, "చెప్పు వదినా" అన్నాను. ఏడుపు ఆపుకోవడానికి అన్న మాట అది.

తర్వాత నాకు గుర్తున్నది, ఫోల్డర్ తెరుచుకుని ఉండడం. అవ్వల పేర్లతో ఫైళ్ళు వరసగా కనపడుతున్నాయి. మార్తక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఏమే, రెండు చేతుల్తో కొట్టేది ఎప్పుడు నేర్చుకుంటివి?" అంది.

"నేనా?"

"నువ్వు గాక ఇంగెవురుండారు ఈడ? కండ్లు గూడా తెరవలే. టకటకా కొడ్తివి. అచ్చం ఎస్తేరు కొట్టినట్టే ఉండాది."

భయపడడానికి తీరిక లేదు. ముందు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకీ, మా ఇద్దరి ఫోన్లలోకీ ఎక్కించుకున్నాం. ఆ తర్వాత ఫోల్డర్ మూసి, మళ్ళీ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. కళ్ళు మూసుకుని కూడా ప్రయత్నించాను. తెరుచుకోలేదు.

జూబిలీ రోజు ఆ గొంతులు మైకులో వినిపించాం. ఒక్కో అవ్వ తన తల్లి పేరు చెప్పి, ఏ గోడకు రాళ్ళు మోసిందో చెబుతోంది. మధ్యమధ్యలో వదిన గొంతు: "గట్టిగా చెప్పవ్వా, అందరూ వినాల." అన్న స్పీకరు పక్కనుంచి కదల్లేదు. కమిటీ పెద్దాయన లేచి నిలబడి విన్నాడు. మా పేట ఆడవాళ్ళు అంత నిటారుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఫలకం మీద ఇప్పుడు మా అవ్వల పేర్లన్నీ ఉన్నాయి. తెర తీసిన రోజు సంతోషమ్మవ్వ రాతిని చేత్తో తడుముతూ పేర్లు చదివించుకుంది. అంతా విని, "మా ఎస్తేరు పేరు యాడ?" అంది. ఆమె రాళ్ళు మోయలేదు కదవ్వా అని ఎవరో అంటే, "ఏయ్, ఆ పిల్ల లేకుంటే మేమెవురో మీకెట్ల తెలుస్తాది? రాయండప్పా" అని కోప్పడింది. రాళ్ళు చెక్కే ఆయన మళ్ళీ వచ్చి చెక్కాడు.

వదిన కొట్టేటప్పుడు ఎప్పుడో చూసి ఉంటావు, చేతులకు గుర్తుండి ఉంటుంది అని మా డాక్టరు అన్నారు. నేను ఊరికి వచ్చేదే తక్కువ. ఆమె ఆ పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్కసారి కూడా పక్కన లేను. మార్తక్క అబద్ధాలాడే మనిషి కాదు. ఆ కంప్యూటర్ ఇంకా చర్చి గదిలోనే ఉంది. పాస్‌వర్డ్ ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.