మామగారు తొక్కిన ఎక్సలేటరు

మా మామగారి పాత విదేశీ కారులో గేర్లు వాటంతటవే మారాలి. ఈ మధ్య అవి సమయానికి మారక ఇంజను అరుస్తోందని, ఈ ఉదయం నరసరావుపేటలో మెకానిక్ సుభానీ దగ్గరికి తీసుకెళ్లాం. ఎక్సలేటరు నుంచి గేర్‌బాక్సుకు వెళ్లే కడ్డీని సరిచేయాలన్నాడు. అందుకు ఒకరు సీట్లో కూర్చుని ఎక్సలేటరును పూర్తిగా తొక్కిపట్టాలి. "నా కారు, నేనే తొక్కుతా" అని మామగారు కూర్చున్నారు.

సుభానీ మూడుసార్లు బిగించాడు. మూడుసార్లూ వినుకొండ రోడ్డు మీద తిప్పి చూశాం. అరుపు అలాగే ఉంది. నాలుగోసారి అనుమానమొచ్చి, డోరు తీసి లోపలికి వంగి చూశాడు. పెడలు కింద ఇంకా నాలుగు వేళ్ల సందుంది.

"ఏంది పెద్దాయనా, ఇదేనా ఫుల్లు?"

"ముప్పై ఏళ్ల నుంచీ నా ఫుల్లు ఇదే. ఇంకా తొక్కితే పెట్రోలు చానా తాగుద్ది."

"ఇంజను ఆపే ఉందిగా!"

"అయినా సరే."

ఆయన్ని దింపి నన్ను కూర్చోబెట్టాడు. పది నిమిషాల్లో పని అయిపోయింది.

ఇంటికి మామగారే నడిపారు. దారిలో ఒక గడ్డి ట్రాక్టరు, రెండు సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. సుభానీ అంత కష్టపడి పెట్టిన ఫుల్లును ఆ కారు ఇక చూడదు.

మీ ఇంట్లో ఫుల్లు ఎంతవరకండీ?