పెదనాన్న పాదం

మొన్న సోమవారం పొద్దున్నే ల్యాబులో ఇంక్యుబేటర్ తెరిచి ఒక ప్లేటు బయటికి తీశాను. రోగి చీములోంచి తీసిన బ్యాక్టీరియాని ఆ పళ్ళెంలో పరిచి, దానిమీద రకరకాల యాంటీబయాటిక్ మందులు పీల్చిన కాగితపు బిళ్ళలు పెట్టడం మా పని. మందు పనిచేస్తే మర్నాటికి బిళ్ళ చుట్టూ శుభ్రమైన వలయం ఏర్పడుతుంది. ఆ ప్లేటులో ఒక్క వలయం కూడా లేదు. ప్రతి బిళ్ళనీ ఆనుకుని తెల్లటి పొర నున్నగా పాకి ఉంది. ఇన్నేళ్ళుగా ఇదే ఉద్యోగం చేస్తున్నా, అలాంటివి చూసినప్పుడు చేతులు రెండుసార్లు కడుక్కుంటాను. నేను మొదట చూసిన ఇంచుమించు అలాంటి ప్లేటు మా పెదనాన్నగారిది.

పెదనాన్న రామచంద్రపురం దగ్గర హైస్కూల్లో సైన్సు మాస్టారు, చర్చిలో సంఘ పెద్ద. రిటైరయ్యాక రాజమండ్రిలో స్థిరపడ్డారు. ఆయనకి శిలాజాల పిచ్చి. గోదావరి దాటి కొండల్లో ఉన్న ఒక క్వారీకి వెళ్ళి, రాయిగా మారిన గవ్వలు ఏరుకొచ్చి పెద్దమ్మ పప్పుడబ్బాల్లో దాచేవారు. "బియ్యంలో రాళ్ళు ఏరేది నేను, ఇంటినిండా రాళ్ళు పోసేది ఈయన" అనేది పెద్దమ్మ, వచ్చినవాళ్ళందరితో. నాకు పదేళ్ళప్పుడు ఒకసారి నన్నూ తీసుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం, క్వారీలో పని లేదు, గాలి కూడా ఆగిపోయింది. నల్లరాతి పొరల నడుమ తెల్లటి సున్నపురాయి గోడ. దగ్గరికెళ్ళి చూస్తే గోడంతా గవ్వలే, ఒకదాని మీద ఒకటి, నోళ్ళు తెరుచుకుని. సముద్రం అక్కడికి ఎంతో దూరం. పెదనాన్న ఒక గవ్వ ఊడదీసి నా చేతిలో పెట్టి, జేబులోంచి ఉప్పాడ సముద్రపొడ్డున ఏరిన గవ్వ తీసి పక్కన పెట్టారు. అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి, కానీ గీతలు వేరు, మెలిక వేరు. "ఈ రాతిది ఇప్పుడు ఏ సముద్రంలోనూ లేదమ్మా. దీని దాయాదులే మిగిలారు" అన్నారు. దేవుడు ఆరు రోజుల్లోనే అంతా చేశాడు కదా అని అడిగాను. "దేవుడి రోజు ఎంత పొడుగో మన పాస్టరు అయ్యగారూ కొలవలేదు, నేనూ కొలవలేదు. మార్పుకి మాత్రం బోలెడు కాలం కావాలి. లక్షలు, కోట్ల ఏళ్ళు" అన్నారు. ఆ మాటే పిల్లలందరికీ పాఠంలో చెప్పేవారు.

అదే క్వారీలో, డెబ్బై దాటాక, ఒక రాతిముక్క ఆయన కుడిపాదంలో దిగింది. షుగరు ఉన్న మనిషి. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ మాత్రలు అడిగి తెచ్చుకున్నారు. రెండు రోజులు వేసుకుంటే వాపు తగ్గింది, మానేశారు. మళ్ళీ పొంగింది, వేరే మాత్రలు మూడు రోజులు వేసుకుని అవీ మానేశారు. ఎప్పుడు జ్వరమొచ్చినా ఆయన వరస అదే. నెల తిరక్కుండా పాదం నల్లబడింది. పెద్దమ్మ ఫోన్ చేసి, "వాసన వస్తోందే, ఈయన చెప్పనివ్వట్లేదు" అంది. ఆసుపత్రిలో చేర్చాం. చీము శాంపిల్ మా ల్యాబుకే వచ్చింది.

మూడో రోజు పొద్దున ప్లేటు తీశాను. ఒకే ఒక్క బిళ్ళ చుట్టూ సన్నటి వలయం ఉంది. హమ్మయ్య అనుకుని వెలుతురుకి పట్టి చూస్తే, ఆ వలయం లోపల ఆవగింజల్లో సగం ఉండే చుక్కలు, నాలుగైదు. మందు మధ్యలో, చుట్టూ అన్నీ చచ్చినచోట, అవి మాత్రం బతికి పెరుగుతున్నాయి. ప్లేటు కింద పెట్టేశాను.

ఫోటో చూపించమని పెదనాన్నే అడిగారు. భూతద్దంతో ఫోన్ తెరమీద చాలాసేపు చూశారు.

"ఇవి నా కాల్లోవేనా?"

"అవునండి."

"బలహీనమైనవాటిని నేనే చంపాను. మొండివి మిగలగానే మందు ఆపేసి వాటికి చోటిచ్చాను." భూతద్దం పక్కన పెట్టి, "కోట్ల ఏళ్ళని చెప్పానమ్మా పిల్లలకి. ఇది నెల రోజులు కూడా పట్టలేదు" అన్నారు. పెద్దమ్మకి ఏమీ అర్థం కాక, "ఏంటండీ, ఏం కనపడింది?" అని నా ముఖంలోకి చూసింది.

మందులేవీ పనిచెయ్యక కాలు మోకాలి కింద తీసేశారు. ప్రాణం దక్కింది. ఆసుపత్రివాళ్ళని అడిగి ఆ పాదాన్ని తెచ్చి, చర్చి సమాధుల తోటలో, ఆయన తనకోసం ఎప్పుడో చూసుకున్న చోటే పాతిపెట్టాం. అయ్యగారు ఏ ప్రార్థన చెయ్యాలో తెలియక ఎప్పుడూ అందరం చెప్పే పరలోక ప్రార్థనే చెప్పి ముగించారు. చంకకర్రలతో చర్చికి వచ్చిన మొదటి ఆదివారం, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పమంటే పెదనాన్న లేచి, దేవుడికి వందనాలు చెప్పి, "డాక్టరుగారు ఎన్ని రోజులంటే అన్ని రోజులూ మాత్రలు మింగండి, నాలాగ మీ అంతట మీరు ఆపకండి" అని కూర్చున్నారు. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

ఆరాధన అయ్యాక తోటకి తీసుకెళ్ళమన్నారు. వానలకి మట్టిదిబ్బ చదునైపోయి గడ్డి మొలిచింది. లేని పాదం అప్పుడప్పుడు దురద పెడుతుందని, వేళ్ళు కదుపుతున్నట్టు కూడా ఉంటుందని చెప్పారు. ఎక్కడ పాతామో నాకే ఆనవాలు దొరకలేదు. ఆయన మాత్రం కర్రతో ఒకచోట చూపించి, "ఇక్కడ, చల్లగా తగుల్తోంది" అన్నారు.

ఎండలో నిలబడి ఇద్దరం ఆ గడ్డి వైపు చూశాం. మనిషి ఒక్కసారే వెళ్ళిపోతాడని అంతవరకూ నా నమ్మకం. కాలం మనల్ని కొంచెం కొంచెంగా, తనకి వీలైనప్పుడల్లా తీసుకుపోతుందని అప్పుడు తెలిసింది.