బుచ్చమ్మ వెండి బిళ్ల

2023 వానాకాలం. సూర్యాపేటలో కోదాడ వైపు పోయే రోడ్డు మీద, పంక్చర్ల షాపుకూ మిర్చి బజ్జీల బండికీ నడుమ ఉన్న మడిగ నాది. సిల్వర్ క్లేతో నగలు చేస్తాను. మెత్తటి వెండి పొడిని బైండర్ అనే జిగురుతో, నీళ్లతో కలిపిన ముద్దనే సిల్వర్ క్లే అంటారు. చపాతీ పిండిలా ఒత్తుకోవచ్చు, మీద వేలు పెడితే గీత గీతా దిగుతుంది. ఆరబెట్టి గ్యాస్ టార్చ్ మంట కింద కాలిస్తే జిగురు కాలిపోయి వెండి రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మిగిలేది అచ్చమైన వెండి.

ఇది నిజం. ఈ నిజం నేను గిరాకీలకు చెప్పను. కోదాడ వాళ్లడిగితే కృష్ణ ఒడ్డున పున్నమి నాడు మాత్రమే దొరికే మట్టి అంటాను. మిర్యాలగూడ వాళ్లడిగితే మీ ఊరి రైస్ మిల్లులోనే వెండి పోసి పట్టించుకొస్తానంటాను. ఒకాయన ఏ మిల్లో అడిగి మరీ రాసుకుని పోయాడు. అలా నవ్వుకుంటూ బతికేదాన్ని నేను. కానీ ఆ వానాకాలంలో ఒకసారి వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

తిరుమలగిరి దగ్గరి పల్లె నుంచి సైదులు వచ్చాడు. గొర్రెల కాపరుల ఇల్లు. వెంట తమ్ముడు, చెల్లెలు రేణుక. వాళ్లమ్మ బుచ్చమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆ యేడు మందను కొడుకులకు అప్పజెప్పి ఇంటి పట్టున కూర్చోబోతోంది. ఆమె మెడలో వేయడానికి, పిల్లల చిటికెన వేళ్ల ముద్రలున్న వెండి బిళ్ల కావాలన్నాడు. ఆమెకు ముందే తెలియకూడదన్నాడు. ముచ్చటేసింది.

"ఎవలెవలు పెడ్తరు వేళ్లు?" అనడిగాను.

"మేం ముగ్గురమే అక్కా," అంటూ బజ్జీ కొరికాడు సైదులు.

"స్వప్నను గూడ పిలుస్తె అయిపోవు గదనే," అంది రేణుక మెల్లగా.

"ఆ పేరు తీయొద్దని నీకు జెప్పిన్నా లేదా?"

ఊరుకునే గుణం నాకు లేదు. "స్వప్న ఎవరు తమ్ముడూ?"

"ఎవరూ లేరు."

"మీ అమ్మకు పుట్టిందా లేదా?"

"పుట్టింది. మాకు సచ్చింది," అని మిగిలిన బజ్జీ నోట్లో వేసుకున్నాడు.

బతికున్న చెల్లెలు చచ్చిందన్న నోరు నమలడం కూడా ఆపలేదు. అతను చెయ్యి కడుక్కోవడానికి బయటికి పోగానే రేణుక సంగతి చెప్పింది. చిన్నది స్వప్న వేములపల్లిలో టీచరు పని చేసే అబ్బాయిని ఇష్టపడి పెళ్లి చేసుకుంది. చర్చికి పోయే ఇల్లు వాళ్లది. అప్పటినుంచి అన్న ఆమెను గడప తొక్కనివ్వడం లేదు. అమ్మ అడిగితే పళ్లెం విసిరేసి లేస్తాడు.

నాకు ఒళ్లు మండింది. మండినప్పుడు నా నోట అబద్ధాలు ఇంకా బాగా వస్తాయి.

"సూడు తమ్ముడూ," అన్నాను సైదులు తిరిగి రాగానే, "ఈ మట్టి సంగతి నీకు తెల్వదు. కడుపున పుట్టినోళ్లల్ల ఒక్కరి వేలు తక్కువైనా మంటల పెట్టంగనే పగుల్తది. కోదాడల ఒకామె చిన్నకొడుకును దాచిపెట్టి బిళ్ల చేయించుకుంది. అది పేలి మీదికి లేసి గా ఫ్యానుకు తగిలింది. సూడు, రెక్కకు సొట్ట."

ఫ్యాను కిందపడి పడ్డ సొట్ట అది. సైదులు ఫ్యాను వైపు ఒక్కసారి చూసి, "నకరాలు చెయ్యకక్కా, వెండి ఏం మాట్లాడతది," అని చిటికెన వేలు ఒత్తాడు. మిగతా ఇద్దరూ ఒత్తారు. వెళ్లిపోయారు.

ఈ పనిలో ఒక నియమం ఉంది. కాల్చేముందు బిళ్లను కాస్త వెచ్చచేసి అద్దం మీద పెట్టాలి. తీసి చూస్తే అద్దం మీద ఆవిరి మసక ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. తడి మీద మంట పెడితే ఆవిరి బయటికి తన్నుకొస్తుంది. ఆ మధ్యాహ్నం నేను అద్దం తీయనే లేదు. 'మాకు సచ్చింది' అన్న మాటే చెవిలో గింగిరాలు తిరుగుతుంటే టార్చ్ ముట్టించాను. టప్పుమంది. పగులు ముద్రల మీదుగా పోయింది. వేరేచోట అయితే అదే మట్టిని పలచగా కలిపి పూడ్చేదాన్ని. ముద్ర మీద పూడిస్తే గీతలు పోతాయి. మళ్లీ వేళ్లు పెట్టించాల్సిందే.

సైదులు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. ఇంట్లో ఉన్న బుచ్చమ్మ ఎత్తింది. దాచాలన్న మాట మరిచి నోరు జారాను.

"మీ పిల్లలు చేయమన్న బిళ్ల పగిలిందమ్మా. మల్ల వచ్చి వేళ్లు పెట్టాలె."

"ఏం బిళ్ల బిడ్డా?" దాచడానికి ఇక ఏముంది, చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది. "ఎందరి వేళ్లు?"

"ముగ్గురివి."

ఫోన్ పెట్టేసింది.

మర్నాడు బుచ్చమ్మ గొర్రెల కర్ర పట్టుకుని మడిగ మెట్లెక్కింది. పిల్లలు ముగ్గురూ ఆమె వెనక. సైదులు నా మీద పడ్డాడు. "కావాలనే పలగ్గొట్టినవ్! పగుల్తదని ఆ దినమే అన్నవ్!"

"లోపల తడి ఉండెనయ్యా. ఆరకముందే మంట పెట్టిన. నాదే తప్పు."

నేను ఆ మడిగలో అంత సాదా నిజం ఎప్పుడూ చెప్పి ఉండను. ఒక్కరూ నమ్మలేదు.

బుచ్చమ్మ పగిలిన బిళ్లను వేలితో తడిమి, "పగిల్తె పగిలింది. మంచిగైంది," అంది. అప్పటికే బజ్జీల బండి పక్కన ఒక పిల్ల వచ్చి నిలబడింది. మిర్యాలగూడ బస్సు దిగి వచ్చిన స్వప్న. రేణుకతో ఫోన్ చేయించి పిలిపించింది తల్లే.

"గాడ నిలబడ్డవేందే చిన్నీ? లోపలికి రా."

"అది లోపలికొస్తె నేను బయటికి పోత," అన్నాడు సైదులు.

గొడవ ముదురుతోందని నేను తెలివి చూపించబోయాను. బుచ్చమ్మ చెవి దగ్గరికి వంగి, "అవ్వా, ముగ్గురి వేళ్లు ముందల పెడ్త. స్వప్నది వెనకదిక్కు పెడ్త. నీ గుండెకు ఆనుకొని ఉంటది, ఎవలకూ కనబడదు," అన్నాను. నా ఉపాయానికి నేనే మురిసిపోయాను కూడా.

ఆమె గొంతు తగ్గించలేదు. రోడ్డు మీది వాళ్లు తిరిగి చూశారు.

"ఎందుకు వెనక? దాన్నేమన్న దొంగతనంగ కన్ననా? ముందల పెట్టు!"

నా మొహం మీద నీళ్లు కొట్టినట్టయింది. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"పుట్టిన గొర్రెపిల్లకల్లా మన గుర్తుగ చెవికి కోత పెడ్తం కదరా. మన గొర్రె పోయి పక్కోని మందల కలిస్తె ఏం జేస్తవ్? చెవి సూపిచ్చి మాదే అని కొట్లాడవా? గాడ మేసినంత మాత్రాన దాని చెవి మారతదా?"

"గొర్రే, ఇదీ ఒకటేనా? కులపోళ్లల్ల తలెత్తుకోలేకపోతున్న నేను."

"నీ తలకాయ సంగతి నన్నడగకు. నేను నా మెడ సంగతి జెప్తున్న."

"దాని వేలు పెడ్తె నా వేలు పెట్ట."

తడిగుడ్డ కింద కొత్త ముద్ద ఆరిపోకుండా పట్టుకుని నిలబడ్డాను. బుచ్చమ్మ దాని వైపు చూడనైనా చూడలేదు. "పెట్టకు. నీ జాగ ఈ బిడ్డ గట్లనే ఇడిసిపెడ్తది. అడిగినోళ్లకు జెప్త, ఇది నా పెద్దకొడుకు జాగ, కోపమొచ్చి పోయిండని."

సైదులు తన బైకును తన్ని స్టార్ట్ చేసుకుని పోయాడు. పంక్చర్ల షాపు దాకా దుమ్ము లేచింది.

పైన పెద్దకొడుకు చోటు వదిలి మిగతా ముగ్గురి వేళ్లు ఒత్తించాను. స్వప్న వేలు ఆనించీ ఆనించనట్టు పెట్టింది. "గట్టిగ ఒత్తవే, ముద్ద కరుస్తదా," అని కసిరింది తల్లి. ఖాళీ చోట చిన్న పువ్వు చెక్కమంటారా అనడిగాను.

"పువ్వు బెడ్తె నా కొడుకైతడా? ఉండనియ్."

ఈసారి అద్దం తీశాను. మసక పోయేదాకా అందరం కూర్చున్నాం. స్వప్న మిరపకాయ బజ్జీలు తెచ్చింది, రేణుక తినిపించింది, తమ్ముడు ఎటో చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు. కాల్చాక బిళ్ల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఇత్తడి బ్రష్‌తో రుద్దితే వెండి బయటపడుతుంది. గీతలున్న చోట మెరుపు మసకగానే ఉంటుంది. ఏ గీతా లేని ఆ ఖాళీ చోటు మాత్రం అద్దంలా మెరిసింది. ఎవరు చూసినా కన్ను ముందు అక్కడే పడుతుంది. బుచ్చమ్మ దాన్ని నల్లదారంతో మెడలో కట్టుకుని బస్సెక్కింది.

కిందటేడు సైదులు ఒక్కడే వచ్చాడు. బజ్జీ తినలేదు. "అడిగినోళ్లందరికీ నా జాగ సంగతి జెప్తుందక్కా అమ్మ. సంతల గూడ జెప్పింది," అన్నాడు. "కాలిన వెండి మీద మల్ల వేలు పడతదా?" అనడిగాడు.

"పడతది. మీద కొత్త మట్టి పెట్టి ఒత్తి మల్ల కాల్చాలె. అయితే బిళ్ల నా దగ్గర లేదు, మీ అమ్మ మెడల ఉంది. తీసియ్యమని నువ్వే అడుగు. అడిగేటప్పుడు స్వప్న పక్కన ఉండాలె. లేకుంటె పగుల్తది."

"ఫ్యానుకు తగుల్తదా?"

"ఈసారి నీ నెత్తికి తగుల్తది."

నవ్వలేదు. వెళ్లాడు. ఆ బిళ్ల ఇంతవరకు నా మడిగకు తిరిగి రాలేదు.

ఇప్పుడు ఇంటిల్లిపాది ముద్రలు కావాలని ఎవరొచ్చినా, మట్టి డబ్బా మూత తీయకముందే వేసుకునే మనిషితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడతాను. ఇంట్లో ఎవరెవరున్నారో కొనేవాళ్లను అడగను, ఆమెనే అడుగుతాను. కోపంగా ఉన్నరోజు టార్చ్ ముట్టుకోను. పున్నమి మట్టి, రైస్ మిల్లు కథలు ఇంకా చెబుతూనే ఉన్నాను. 'వెనకదిక్కు పెడ్త' అన్న మాట మాత్రం మళ్లీ నా నోట రాలేదు.