తెల్లగడ్డ వెన్న

పోయిన వారం ప్రొద్దుటూరులో మా చర్చి సంఘంలోని ఒక అమ్మాయి, తనకు ఉద్యోగం వచ్చిందని అందరినీ హోటలుకు పిలిచింది. కాల్చిన కోడితోపాటు చిన్న గిన్నెలో తెల్లగా, నున్నగా ఏదో తెచ్చిపెట్టారు. గార్లిక్ మయొనైజ్ అట. ఒక ముక్క అందులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను. తెల్లగడ్డ వాసన తగలగానే నమలడం మరిచిపోయాను. పక్కనున్నావిడ "ఏందక్కా, కారమా?" అంటూ నీళ్లు అందించింది. అందులో కారమనేదే లేదు. నీళ్లు తాగేశాను.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయనకు అక్క, పులివెందులలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. సెలవులొస్తే ప్రొద్దుటూరుకు మా ఇంటికే వచ్చేది. చెప్పులు విప్పీ విప్పకముందే వంటింట్లోకి వచ్చి ఒక్కో గిన్నె మూతా తీసి చూసేది, పరీక్ష పేపర్లు దిద్దినట్టు. ఆమె నూరే తెల్లగడ్డ కారం మాత్రం నిజంగా గొప్పది. ఎండుమిరపకాయలు, ఉప్పు, పొట్టు తీయని తెల్లగడ్డ పాయలు రోట్లో వేసి దంచుతుంటే వీధి చివరిదాకా తుమ్ములు వినపడేవి. ఆ కారం ఒక డబ్బాలో వేసుకోకుండా ఆమె చర్చి కూటాలకు కూడా పోయేది కాదు.

అలాంటి మనిషికి నాలుక పక్కన పుండు లేచింది. పన్ను ఒరుసుకుని ఉంటుందని ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి ఆలస్యమైంది. క్యాన్సరన్నారు, కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. వైద్యం అయ్యాక మా ఇంటికి తీసుకొచ్చుకున్నాం. నోరంతా పొక్కిపోయి, కారం పొడి రేణువు తగిలినా కళ్లవెంట నీళ్లు కారేవి. గంజి, పాలు, మెత్తని అన్నం తప్ప ఏమీ పెట్టకూడదు. "ఈ చప్పిడి కూడు నాకొద్దు మేయ్" అని మూతి తిప్పుకునేది. చేతికున్న గాజులు మోచేతి దాకా జారుతుంటే, గంజి గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడటం తప్ప నాకేం చేతనయ్యేది కాదు.

జమ్మలమడుగులో నర్సుగా ఉన్న మా చెల్లెలి కూతురికి ఫోన్ చేసి ఏం పెట్టాలని అడిగాను. "తెల్లగడ్డ వెన్న అని హోటళ్లలో పచ్చి గుడ్డేసి చేస్తారు, మనకు గుడ్డు మాత్రం వద్దు పెద్దమ్మా. తెల్లగడ్డలు బాగా ఉడకబెట్టి, మెత్తగా నూరి, నూనె బొట్టుబొట్టుగా కలుపుకుంటా పో. వెన్న మాదిరి వస్తాది. ఆ వాసనకన్నా రెండు ముద్దలు తింటాదేమో" అంది. చెప్పినంత సులువుగా అది వస్తే ఎంత బాగుండును! మొదటి రోజు మిక్సీలో వేశాను. నూనె ఒక పక్క, తెల్లగడ్డ ఒక పక్క. రెండో రోజు రోట్లో నూరాను. గడ్డకట్టినట్టే కట్టి, ఇంకొక్క బొట్టు శెనగనూనె పడగానే విరిగిపోయింది. మూడో రోజూ అంతే. ఇల్లంతా తెల్లగడ్డ కంపు. మా ఆయన పేపరు తీసుకుని వీధి అరుగు మీదికి పోయాడు. వంటింటి గడప దగ్గర కుర్చీలో కూర్చున్న వదిన, నోరు తెరవడానికే నొప్పిగా ఉన్నా ఊరుకోలేకపోయింది. "ఏంది మేయ్, నూరుతాండావా, దయ్యాన్ని వదిలిస్తాండావా?"

నాకు ఏడుపొచ్చింది. పచ్చడిబండ అక్కడే వదిలేసి గోడకానుకుని కూర్చున్నాను.

ఆమె నన్ను చూసి, "ఉర్లగడ్డ ఉడకబెట్టి ఒక ముక్క వేసి నూరు. నూనెను పట్టుకునేదానికి ఏదో ఒకటి ఉండల్ల గదా" అంది.

మర్నాడు ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, ఒక ముక్క వేసి నూరాను. ఈసారి విరగలేదు. తెల్లగా, మెత్తగా బండకు అంటుకుని పైకి లేచింది. మెత్తని అన్నంలో కలిపి చెంచాతో అందించాను. చాలాసేపు నోట్లోనే ఉంచుకుని, కళ్లు మూసుకుని మింగింది.

"శానా బాగుండాది మేయ్" అంది.

నేను కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో నా వంటను ఆమె బాగుందని అనడం అదే మొదలు. పరుగున పోయి మా ఆయనకు చెప్పి వచ్చాను. వచ్చి, వేలితో కాస్త తీసుకుని నేనూ నాలుక మీద వేసుకున్నాను.

ఉప్పు వేయడం మరిచిపోయాను. అన్నంలోనూ లేదు, అందులోనూ లేదు. ఉడికిన తెల్లగడ్డ, పచ్చి నూనె కలిసి వెగటుగా ఉంది. కూర ఉడుకుతుంటే వాసన చూసే ఉప్పు తక్కువని చెప్పిన మనిషి ఆమె. "ఇంగ కొంచెం పెట్టు" అని ఆమె గిన్నె ముందుకు జరిపింది. పెట్టాను.

అది రెండు వారాలు తింది. ఆ తర్వాత మింగడమే కష్టమైంది. ముక్కులో గొట్టం వేశారు. వానలు మొదలైనప్పుడు పులివెందులలోనే, వాళ్లమ్మ సమాధి పక్కన మట్టి చేశాం.

కరెంటుతో నాలుకకు రుచి పోయిందని ఆమెకు తెలిసే అలా అందా, నిజంగానే బాగుందనుకుందా, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పూటే అడిగి ఉండాల్సింది. అడగడానికి ఇంకా రోజులున్నాయిలే అనుకున్నాను. రోజులైతే ఉన్నాయి గానీ, అప్పటికి ఆమెకు మాట మిగల్లేదు.